తల్లి మోసిన మూడు రోజులు

గౌరక్కకు,

చెంగయ్య దండాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను, మీరంతా బాగున్నారని తెలిస్తే ఇంకా బాగుంటాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నాయన పులికాట్‌లో రొయ్యల వేటకు పోతున్నాడా? ఈసారి రొయ్య పడుతోందా?

ఓడ దిగి రెండు నెలలైంది. ఈ అండమాన్ దీవిలో వాన పట్టుకుంటే రోజుల తరబడి విడవదు. గుడ్డలు ఆరవు, పుస్తకాలకు బూజు. తిండికి మాత్రం కొదవలేదు, చిక్కిపోయానని అమ్మను దిగులుపడొద్దని చెప్పు. సంగటి మీదికే మనసు పోతోంది. ఇటు వచ్చేవాళ్లెవరైనా దొరికితే కాస్త చింతకాయ పచ్చడి పంపించు. మా గుడారాల్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఒక్కరూ లేరు. అందుకే ఉత్తరం పొడుగవుతోంది.

బయలుదేరేటప్పుడు నాయన ఏమన్నాడో గుర్తుందా? "ఈడ సేపలు సాలకనా, జీతం లేకుండా ఆడ సేపల్ని సూసేదానికి పోతావుండావు?" అన్నాడు. తిమింగలాలు చేపలు కావు నాయనా, పిల్లలకు పాలిస్తాయి అంటే నవ్వేశాడు. నిజంగా చూడటమే మా పని అక్కా. పొద్దున్నే పడవలో పోయి, నల్ల తిమింగలాల గుంపు కనబడితే దూరంగా ఆగి, ఏది దేని పక్కన ఈదుతోంది, ఎప్పుడు మునిగింది, ఎప్పుడు తేలింది అని ఐదు నిమిషాలకోసారి రాస్తాం. వీపు రెక్క మీది గాట్లను బట్టి ఒక్కొక్కదాన్ని గుర్తుపడతాం.

పోయిన వారం ఒక తల్లీ పిల్లా గుంపు నుంచి వెనకబడ్డాయి. దుర్భిణిలో చూస్తే పిల్ల తోకకు తెగిన వల ముక్క చుట్టుకొని ఉంది. ఊపిరి కోసం పైకి రావడానికే అవస్థ పడుతోంది. మా జట్టును నడిపే మేడమ్‌తో, "వలలు అల్లే ఇంట్లో పుట్టినవాణ్ణి. మీరు ఊఁ అంటే దిగి కోసేస్తాను" అన్నాను.

ఆమె ఒప్పుకోలేదు. "పిల్ల దగ్గరికి పోతే తల్లి ఊరుకోదు. ఇదివరకు ఇలాగే దిగిన ఒకడికి నడుము విరిగింది. అతన్ని నీళ్లలోంచి లాగింది నేనే. నిన్ను దించను" అంది. వైర్‌లెస్‌లో పట్నంలోని పెద్దసారును అడిగింది. ఇలా చిక్కిన వలలు కోసే అలవాటున్న మనుషుల్ని మరుసటి రోజు పంపుతానన్నాడు.

మన వలలో తాబేలు పడితే నాయన కొత్త వల అని కూడా చూడకుండా కోసేవాడు కదా. "వలది ఏముండాది రా, మళ్లా అల్లుకుంటాం. పానం యాడ్నుంచి తెస్తాం?" అనేవాడు. కత్తి నా కాళ్ల దగ్గరే ఉంది. దూకి ఉంటే ఎవరూ ఆపలేకపోయేవారు. మేడమ్ మాట దాటలేక ఆగిపోయానని అందరితో అంటున్నాను. నీతో నిజం చెబుతాను, ఆ తల్లిని చూసి నాకు భయం కూడా వేసింది.

మరుసటి రోజు మనుషులు వచ్చేసరికి పిల్ల చచ్చిపోయింది. తల్లి దాన్ని వదల్లేదు. తలతో పైకెత్తి నీళ్ల మీద పట్టుకుంటుంది. జారిపోతే మునిగి మళ్లీ ఎత్తుకొస్తుంది. మిగతావి చుట్టూ మెల్లగా ఈదుతున్నాయి. మూడు రోజులూ అదే చూశాం, అదే రాశాను. ఎత్తింది. జారింది. ఎత్తింది. మూడో రోజు మధ్యాహ్నం పిల్ల జారితే తల్లి మునగలేదు. కాసేపు అక్కడక్కడే తిరిగి గుంపు వెంట పోయింది.

రాసే కాగితం చివర "మనం చేసినది" అని ఒక గడి ఉంటుంది. "ఏమీ చేయలేదు" అని రాశాను. మేడమ్ చదివింది. కొట్టేయకుండా కింద సంతకం పెట్టింది. "నిన్ను దించకపోవడం తప్పని అనుకోను చెంగయ్యా. అయినా మనసు ఒప్పుకోవడం లేదు" అంది.

ఇప్పుడు తీరిక దొరికితే పొడుగు గడకు కొడవలి కట్టి, పడవలోంచే వల కోయడం మేడమూ నేనూ నేర్చుకుంటున్నాం. చేయి ఇంకా కుదరలేదు. ఇంకో నాలుగు నెలలు ఉంటాను. నా గురించి బెంగ వద్దు, ఒళ్లు బాగానే ఉంది.

అమ్మకూ నాయనకూ నా మొక్కులు, వాళ్ల దీవెన నాకు కావాలి. మన వీధిలోని పెద్దవాళ్లను అడిగానని చెప్పు. అమ్మ పక్కన లేనప్పుడు ఈ ఉత్తరమంతా నాయనకు చదివి వినిపించు అక్కా, నాకు భయం వేసిందని రాసిన మాటతో సహా. ఆయన ఏమంటే అది, తిట్టినా సరే, ఒక్క మాట మార్చకుండా రాసి పంపు.

నీ తమ్ముడు,
చెంగయ్య