బస్సుల్ని తోలే తాత

జూన్ 12, గురువారం. మధ్యాహ్నం

ఈ రోజు బాపు కనిపించాడు. ఫోన్‌లో.

లంచ్ టైములో సుజన నవ్వుకుంటూ వచ్చింది. మా పీహెచ్‌సీలో ల్యాబ్ టెక్నీషియన్ తను, సత్తుపల్లి వైపు రైతుల అమ్మాయి. నవ్వొచ్చే రీల్ ఏది దొరికినా ముందు స్టాఫ్ నర్సు సరళకు చూపించాల్సిందే, అంటే నాకు. కల్లు తాగిన మేక, పీటల మీద నిద్రపోయిన పెళ్లికొడుకు, అన్నీ ఆమె పుణ్యమే. ఇది చూడక్కా, నవ్వలేక చచ్చిపోతావ్ అంది.

ఒక బస్టాండు. ఒక ముసలాయన తెల్ల బస్సు వెనక నిలబడి నాలుకతో టక్ టక్‌మనిపిస్తున్నాడు. నీలం మీద తెల్ల గీతల అంగీ, చేతిలో కర్ర. బస్సు వీపు మీద చరుస్తున్నాడు, అచ్చం ఎద్దును తోలినట్టు. బస్సు కదిలింది. ఆయన దాని పక్కన పరుగు. జనం ఈలలు. మీద డీజే బీటు. పేరు 'బస్సుల్ని తోలే తాత'.

నాకూ నవ్వొచ్చింది. అప్పుడాయన ముఖం తిప్పాడు.

ఏంటక్కా అలా అయిపోయావ్ అని సుజన అడిగింది. మా నాన్న అన్నాను. జోకనుకొని ఇంకా నవ్వింది. తర్వాత నా ముఖం చూసింది. తన చేతిలో ఫోన్ జారి నా టిఫిన్ బాక్సులో పడింది. పెరుగన్నంలో పడి కూడా డీజే కొడుతూనే ఉంది.

జూన్ 13, శుక్రవారం

అన్నకు వీడియో పంపాను. బాలకృష్ణ మణుగూరులో టిప్పర్ నడుపుతాడు. షిఫ్టు దిగి ఫోన్ చేశాడు. "మన బాపే. చెవి చూడు, సగం తెగి లేదా. పిచ్చిదానా, బతికే ఉండు" అన్నాడు.

రెండేళ్ల కిందట కంటి దవాఖానాలో చూపించి తిరిగొస్తుంటే భద్రాచలం బస్టాండులో తప్పిపోయాడు బాపు. అన్న వాటర్ బాటిల్ కొనడానికి పోయాడు, అంతే. అప్పటికే బాపుకు మతిమరుపు ముదిరింది. పినపాక దగ్గర మా తండాలో ఎద్దులతో అడవికి పోతే, అవే ఆయనను ఇంటికి తీసుకొచ్చేవి. భయపడి ఎద్దుల్ని అమ్మేశాం. ఆ తర్వాత రోజూ పొద్దున లేచి ఖాళీ కొట్టంలో నిలబడేవాడు.

అప్పటినుంచి అన్న ఆ బస్టాండులో కాలు పెట్టలేదు. భద్రాచలంలో పని ఉంటే సారపాకలోనే దిగి గోదావరి వంతెన నడిచి దాటతాడు.

జూన్ 14, శనివారం

యాడికి చూపించాను. అమ్మను మేము యాడి అంటాం. బాపు తప్పిపోయాక నాతోనే, బూర్గంపాడులో ఈ కిరాయి ఇంట్లో ఉంటోంది.

ఏడుస్తుందనుకొని నీళ్ల చెంబు పక్కన పెట్టుకున్నాను. ఏడవలేదు. మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టమంది. వీడియోలో బాపు ఏదో అంటున్నాడు, కామెంట్లలో జనం అది ఏలియన్ భాషనీ, పూనకమనీ రాశారు. డీజే కింద ఆ మాటలు నాకూ సరిగా వినపడలేదు. యాడికి వినపడ్డాయి. ధోళ్యా, ధోళ్యా అని పిలుస్తున్నాడట. మా తెల్ల ఎద్దు పేరు. పొద్దుగూకింది, ఇంటికి పోదాం నడువు అంటున్నాడట.

యాడి మా లంబాడీ భాషలో అన్నదాన్ని తెలుగులో రాసుకుంటున్నా: "అంగీ మనది గాదు. ఎవరో ఇచ్చిండ్రు. అంగీ ఇచ్చెటోళ్లు ఉన్నకాడ బువ్వ గూడ పెడ్తరు."

ఇంట్లో ఈ రోజు పండగలా ఉంది. రాయడానికే భయంగా ఉంది.

జూన్ 18, బుధవారం

ఏ ఊరో తెలియడం లేదు. ఒక పేజీ మన పాలమూరు తాత అంటుంది. ఇంకొకటి కర్నూలు అంటుంది. మరొక దాంట్లో మహారాష్ట్ర. ఒకరి వాటర్‌మార్క్ మీద ఇంకొకరి వాటర్‌మార్క్. అన్ని పేజీలకూ మెసేజ్ పెట్టాను. ఒక్కరే రిప్లై ఇచ్చారు, నవ్వే బొమ్మతో.

స్టేషన్‌కూ వెళ్లాం. మిస్సింగ్ కంప్లయింట్ రెండేళ్ల నుంచి అక్కడే ఉంది. కానిస్టేబుల్ గారు ఆ వీడియో అప్పటికే చూశారు. నవ్వు ఆపుకోవడానికి ఆయన పెదవులు బిగించుకోవడం నాకు కనపడింది. మంచాయనే. పై వాళ్లకు పంపుతానన్నారు.

యాడే దారి చూపింది. ఈయన ఎడమ చెయ్యి ఎప్పటినుంచి వాడుతుండు అని అడిగింది. నిజమే, కర్ర ఎడమ చేతిలో ఉంది. ఎవరో కాపీరైట్ తప్పించుకోవడానికి వీడియోను అద్దంలోలా కుడి ఎడమలు తిరగేశారు. సుజన దాన్ని మళ్లీ తిరగేసింది. వెనక హోటల్ బోర్డు మీద ఒడియా అక్షరాలు. మా 108 డ్రైవర్‌ది ఒడిశా సరిహద్దు ఊరే. చదివాడు. మల్కన్‌గిరి.

భద్రాచలంలో తప్పు బస్సెక్కితే పొద్దుగూకే లోపల చేరే ఊరు. రెండేళ్లుగా మేము హైదరాబాద్, విజయవాడ, వరంగల్ తిరిగాం.

జూన్ 22, ఆదివారం. మల్కన్‌గిరి లాడ్జి

అన్నా నేనూ వచ్చాం. వీడియోలోని హోటల్ దొరికింది. బస్టాండు పక్కనే. ఓనర్ జంపయ్య, మన చర్ల వైపు నుంచి వలస వచ్చిన కోయాయన. ఫొటో చూపించగానే బెంచీ తుడిచి మమ్మల్ని కూర్చోబెట్టాడు. అప్పుడే నాకు అర్థమైంది, బాపు ఇక్కడ లేడని.

ఆయన చెప్పింది మర్చిపోకముందే రాస్తున్నా.

బాపు ఇక్కడ ఏడాది పైనే ఉన్నాడట. జంపయ్య హోటల్ వెనక రేకుల కింద పడుకునేవాడు. పొద్దున లేస్తే బస్సుల్ని తోలడమే పని. డ్రైవర్లకు ఇష్టంగా ఉండేదట. ఆయన చరిచేదాకా ఆగి, హారన్ కొట్టి కదిలేవాళ్లు. అంగీ ఇచ్చింది కూడా జంపయ్యే. ముందటేడు చలికాలంలో ఎవరో ప్రయాణికుడు ఆ వీడియో తీశాడు. అది తిరిగి తిరిగి ఇప్పుడు డీజేతో మా దగ్గరికి వచ్చింది.

వీడియో అప్పట్లోనే ఆ వైపు ఫేమస్ అయ్యాక ఎక్కడెక్కడి వాళ్లో వచ్చారట. కళ్లద్దాలు పెట్టారు. దండ వేశారు. బస్సు లేకపోతే కారును తోలమన్నారు, బైకును తోలమన్నారు. ఒకడు తానే నాలుగు కాళ్ల మీద వంగి తోలమన్నాడు.

"కొన్నాళ్లకు ఫోన్ లేపితే చాలమ్మా, ముసలాయన వణికెటోడు. పొయ్యి ఎనక వచ్చి దాక్కునెటోడు. నేను కర్ర పట్టుకొని ఎల్లగొట్టిన వాళ్లను. ఎంతమందినని కొడ్తం?"

మరి ఎటు పోయాడని అన్న అడిగాడు.

పోయిన వానాకాలం ఒక పొద్దున ముసురు పట్టి ఉందట. సంతకు పోయే పశువుల మంద ఒకటి ఈ రోడ్డు మీదుగా వచ్చింది. బాపు టీ గ్లాసు కింద పెట్టి లేచాడు. మందలో కలిశాడు. నాలుకతో అదే చప్పుడు. జంపయ్య పిలిచాడు, వినలేదు. ముఖం మస్తు సంబరంగా ఉందట. మందతోపాటే మలుపు తిరిగి పోయాడు.

"నిజం ఎద్దుల్ని తోల్కపోయిండు గదమ్మా. గది మాత్రం ఎవ్వలు తియ్యలె వీడియో."

అన్న లేచి బయటికి పోయాడు. జంపయ్య మా దగ్గర టీ పైసలు తీసుకోలేదు.

జూన్ 24

మంద పోయిన దారిలో సంతలన్నీ అడిగాం. చాలామంది బాపును గుర్తుపట్టారు. అందరూ ఫోన్‌లో చూసినవాళ్లే.

జూన్ 26

లేడు. లీవ్ అయిపోయింది. తిరిగొచ్చాం.

జూలై 4, శుక్రవారం. సాయంత్రం

సుజన చెప్పినట్టు చేశాను. అన్నిటికంటే పెద్ద పేజీలోనూ, మిగతా పేజీల్లోనూ ఆ వీడియో కింద కామెంట్ పెట్టాను: ఈయన మా నాన్న దేవ్‌సింగ్. మతిమరుపు. మల్కన్‌గిరి నుంచి తప్పిపోయారు. కనిపిస్తే ఈ నంబరుకు చెప్పండి.

జూలై 5

ఫోన్ మోగుతూనే ఉంది. ఒకడు ఎద్దులా అరిచి పెట్టేశాడు. ఒక అమ్మాయి నిజంగా ఏడ్చింది, వాళ్ల తాత కూడా ఇలాగే అట, గంటసేపు వాళ్ల తాత గురించే చెప్పింది. ఒకడు తాత మా దగ్గరే ఉన్నాడు, ముందు ఫోన్‌పే చెయ్ అన్నాడు. ఫొటో పంపమంటే ఆ వీడియో నుంచే స్క్రీన్‌షాట్ పంపాడు.

కామెంట్ కింద రిప్లైలు చదవకూడదని అనుకున్నాను. చదివాను. లైకుల కోసం కూతురినంటోంది అని ఒకరు. తాతను బస్టాండులో వదిలేసి ఇప్పుడు వచ్చింది, ఫేమస్ అయ్యాడు కదా అని ఇంకొకరు. దానికి వచ్చినన్ని లైకులు నా కామెంటుకు రాలేదు.

అన్న ఇది చదవకపోతే బాగుండు.

జూలై 6

అన్న చదివాడు. ఈ రోజు డ్యూటీకి పోలేదట. వదిన ప్రమీల ఫోన్ చేసి చెప్పింది.

జూలై 21, సోమవారం

నేనూ సుజనా మా స్టాఫంతా కలిసి రిపోర్ట్ కొట్టాం. పెద్ద పేజీలో వీడియో పోయింది. మొదటిసారి ఏదో ఒకటి చేయగలిగానని ఇంటికి వచ్చి యాడికి చెప్పాను.

అన్నం కంచం పక్కకు నెట్టేసింది. "నీకెవరు తీయమన్నరు? నవ్వెటోళ్లు నవ్వుతరు. నాకు ఉన్నదే గంత ముక్క. గదిగూడ గుంజుకుంటివా?"

నీ ఫోన్‌లో ఉంది యాడీ, డౌన్‌లోడ్ చేసి పెట్టాను అన్నాను. అది కాదట. తన ఫోన్‌లో ఒక్కదాంట్లోనే ఉంటే ఫొటో లెక్క అట. పది మంది చూస్తుంటేనే మనిషి తిరుగుతున్నట్టు ఉంటదట.

వేరే పేజీల్లో ఎలాగూ ఉంది. ఒకటి వెతికి చూపించాను. చూసి, కంచం దగ్గరికి లాక్కుంది.

ఆగస్టు 9, శనివారం

ఒక నిజమైన ఫోన్ వచ్చింది. శబరి నది దగ్గర ఒక గూడెం నుంచి. మాట్లాడినాయన నవ్వలేదు, పైసలు అడగలేదు. పోయిన వానాకాలం వరదలో ఒక ముసలాయన ఒడ్డుకు కొట్టుకొచ్చాడట. ఎవరూ రాకపోతే ఊరివాళ్లే మట్టి చేశారట. వాళ్ల మనవడు ఇప్పుడు ఫోన్‌లో తాత వీడియో చూస్తుంటే అంగీ గుర్తుపట్టాడట. నీలం మీద తెల్ల గీతలు.

అంతేనా, చెవి చూశారా అని అడిగాను. నీళ్లల్ల నానిన మనిషి బిడ్డా, చెవులేడ చూస్తం అన్నాడు.

ఆగస్టు 11

అన్న వెళ్లి వచ్చాడు. గుండుతో వచ్చాడు. అక్కడే శబరిలో మునిగి గుండు చేయించుకున్నాడు.

అది బాపేనా అని నేను అడగలేదు. అన్నే చెప్పాడు: "తెల్వదే సరళా. మట్టి కుప్ప చూస్తే ఏం తెలుస్తది. నాకు చాలయింది. ఏదో ఒక కాడ దిగాలె గద."

ఆగస్టు 17, ఆదివారం. తండా

పెద్దమనుషులు కూర్చున్నారు. పెదనాన్న సోమ్లా దినం చేసేద్దామన్నాడు. కొడుకు గుండు చేయించుకున్నాక ఇంకా ఆగకూడదట. జమ్లిని, అంటే యాడిని, గాజులు తీయమను అని నాకు చెప్పి పంపారు. యాడి మోచేతుల పైదాకా ఉండే తెల్ల గాజులు. పెళ్లినాడు వేసుకున్నవి.

యాడి అరుగు మీద కూర్చొని ఉంది. నేను చెప్పకముందే ఆమెకు తెలుసు. అందరికీ వినపడేట్టు అంది: "నా మనిషి ఫోన్ల నడుస్తుండు, పిలుస్తుండు. మీ పిల్లలే చూసి నవ్వుతుండ్రు. మనిషి కదులుతుండంగ గాజులెట్ల తీస్త?"

ఒక్కరన్నా కోప్పడితే బాగుండేది. పక్కింట్లో ఎవరి ఫోన్‌లోనో ఏదో రీల్ మోగింది. ఆ పాట కాదు, వేరేది. అయినా అందరం అటు చూశాం.

దినం చేశారు. అన్న ఒక్కడే కూర్చున్నాడు. యాడి వంట చేసింది, అందరికీ వడ్డించింది, చుట్టాలు వచ్చినప్పుడు వడ్డించినట్టే.

ఆగస్టు 30

సుజన ఇప్పుడు నాకు రీల్స్ చూపించదు. లంచ్‌లో ఇద్దరం ఫోన్లు బోర్లా పెట్టుకొని తింటాం.

సెప్టెంబర్ 14, ఆదివారం. పొద్దున

ఎవరో ఏఐతో కొత్తది చేశారు. చుట్టూ మంచు కొండలు. బాపు తెల్ల ఎలుగుబంటిని తోలుతున్నాడు. అది వెనక్కి తిరిగి ఆయన చెయ్యి నాకుతోంది. బాపు నవ్వుతున్నాడు. రెండు చెవులూ నిండుగా ఉన్నాయి.

యాడి ఎలుగుబంటి గురించి అడగలేదు. అంత చలిల ఒంటి మీద ఏం లేదు అంది. ట్రంకు తీసి బాపు గొంగడి ఉతికింది. దండెం మీద ఆరుతోంది.