స్పాన్సర్ గారింటి చీర

హాలిఫాక్స్,
మార్చి, ఆదివారం.

చెల్లీ ఫెయితూ,

ప్రభువు కృప వల్ల నువ్వక్కడ ఎడ్మంటన్‌లో సుఖంగా ఉన్నావని నమ్ముతూ, నేనిక్కడ అంత సుఖంగా లేనని చెప్పడానికి ఇది రాస్తున్నాను. ఫోన్లో నువ్వు "ఎలా ఉన్నావక్కా" అనగానే నా నోటికి "బాగున్నానే" అన్న మాట ముందే వచ్చేస్తుంది. ఆ తర్వాత చెప్పడానికి ఏం మిగులుతుంది? పైగా ఆసుపత్రిలో డ్యూటీ చేసి అలిసిపోయి వచ్చినదాన్ని ఏడిపించడం దేనికని ఊరుకుంటాను. ఉత్తరంలో అయితే నువ్వు మధ్యలో అడ్డు తగల్లేవు. కాబట్టి నోరు మూసుకుని చదువు.

లైబ్రరీలో నా పని నీకు తెలుసు. బయటి సంస్థలు ఏదైనా కార్యక్రమానికి సాయం చేస్తామని వస్తే వాళ్లతో మాట్లాడాలి. అది మా నియమాలకు సరిపోతుందో లేదో చూసి మేనేజరు మార్గరెట్‌కు చెప్పాలి. ఉద్యోగానికి వంక పెట్టను. రోజంతా మనుషుల మధ్యే ఉంటాను. సాయంత్రం గదికి వచ్చాక మాత్రం కెటిల్‌తో మాట్లాడుతుంటాను. నవ్వకు. చర్చిలో అందరూ చేయి కలిపి "హౌ ఆర్ యూ" అంటారు, జవాబు వినకుండానే కాఫీ దగ్గరికి వెళ్లిపోతారు. అందుకే శనివారం పూట తెలుగు కథల గంట మొదలుపెట్టాను. పిల్లల కోసమని అందరికీ చెప్పాను. నిజానికి అది నా కోసమే పెట్టుకున్నానే. చింటు, స్వీటీ, ఇంకా కొందరు పిల్లలు వస్తారు. నేను తెలుగులో అడిగితే వాళ్లు ఇంగ్లీషులో జవాబిస్తారు. అయినా ఆ గంటసేపూ నేను ఎవరో ఒకరికి రూప ఆంటీని.

కథలైతే చెబుతున్నాను కానీ, పిల్లల చేతికిద్దామంటే తెలుగు పుస్తకాలు లేవు. అప్పుడే అమరేశ్వరరావు గారు వచ్చారు. హార్బరుకు అవతల డార్ట్‌మత్‌లో ఉంటారు, ఇళ్లు అమ్మిపెట్టే కంపెనీ ఆయనది. ఇక్కడి తెలుగువాళ్లలో చాలామంది ఆయన చూపించిన ఇళ్లలోనే ఉన్నారు. పుస్తకాలు తెప్పిస్తానని, కథల గంటను స్పాన్సర్ చేస్తానని అన్నారు. వివరాలు మాట్లాడదామని భోజనానికి పిలిస్తే వెళ్లాను. ఆయన భార్య రత్నకుమారి గారు గోంగూర పప్పు వండి, నా పక్కనే కూర్చుని, "ఇంకో ముద్ద తినమ్మాయ్, ఎముకలు లెక్కెట్టొచ్చు నీకు" అని కసిరి వడ్డించారు. అమ్మ పోయాక నన్ను అలా కసిరినవాళ్లు లేరు. బయల్దేరుతుంటే కుంకుమ భరిణె తెచ్చారు. నా నుదుటి వైపు చూసి ఆగి, నవ్వేసి, దాన్ని పక్కన పెట్టి చీర మాత్రం నా చేతుల్లో పెట్టారు. "ఆడపిల్లని ఒట్టినే పంపుతామా ఏంటి?" అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు హార్బరు దాటించే ఫెర్రీ పడవలో ఆ చీర ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను.

ఆ తర్వాత ఆయన షరతులు వచ్చాయి. కథల గంటకు పిల్లల్ని తెచ్చే తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఆయనకివ్వాలట. కథ అయ్యాక ఆయన మనిషి ఒకరు వాళ్లతో ఇళ్ల గురించి కాసేపు మాట్లాడతారట. స్పాన్సర్ పేరు గుమ్మం దగ్గర బోర్డు మీద రాసి కృతజ్ఞతలు చెప్పుకోవచ్చు, అంతవరకే మా నియమం. లైబ్రరీకి ఎవరొస్తున్నారో బయటివాళ్లకు చెప్పకూడదు, పిల్లల గదిలో వ్యాపారం కూడదు. అదే ఆయనకు ఫోన్ చేసి చెప్పాను.

"మనవాళ్ల నంబర్లు మనవాళ్లకి ఇవ్వడానికి రూలేంటమ్మా?" అన్నారాయన. "మనూళ్లో గుడికి ఫ్యానిచ్చినా రెక్కల మీద పేరు రాయించుకుంటాం. నేను అదీ అడగట్లేదు. నువ్వు మా ఇంట్లో పిల్లవి, నువ్వే చూసుకోవాలి."

మా ఇంట్లో పిల్లవి అనగానే ఆ చీర గుర్తొచ్చింది. స్పాన్సర్ల దగ్గర మేమెవరమూ ఏమీ పుచ్చుకోకూడదు. మొన్న క్రిస్మస్‌కి ఒక కంపెనీ పంపిన చాక్లెట్ డబ్బాను వెనక్కి పంపించింది నేనే. అలాంటిది చీర పుచ్చుకున్నప్పుడు నాకు ఆ రూలు గుర్తే రాలేదు. చీరను ఎవరైనా కానుక అనుకుంటారటే? అది పెద్దవాళ్ల మర్యాద కదా. ఇప్పుడది తిరిగిస్తే ఆవిడ ముఖాన కొట్టినట్టే. ఈ ఊళ్లో నాకున్న ఒక్క ఇల్లూ పోతుంది. ఉంచుకుంటే నేను నోరెత్తలేను. ఏం చేయనే?

నీ అక్క,
రూపవతి

*

హాలిఫాక్స్,
ఏప్రిల్.

ఫెయితూ,

"ఇచ్చెయ్" అని ఒక్క ముక్క మెసేజ్ పెట్టి ఊరుకున్నావు. నర్సువి కదా, సూది గుచ్చేటప్పుడూ ఇలాగే ఉంటావేమో. నువ్వు చెప్పినట్టే చేశాను.

ముందు మార్గరెట్‌కు అంతా చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. చీర తిరిగిచ్చెయ్యమని, స్పాన్సర్ సంగతి ఇక తనే చూసుకుంటానని అంది. పేరు బోర్డు మీద వేస్తాం, మిగతా రెండూ కుదరవు అని ఆయనకు రాసింది. ఆయన తప్పుకున్నారు.

చీర తీసుకుని వెళ్తే తలుపు తీసింది రత్నకుమారి గారే. "నచ్చలేదా అమ్మాయ్?" అన్నారు. నచ్చిందండీ, ఆఫీసు రూలు ఒప్పుకోదండీ అని ఏదో గొణిగాను. చీరల కొట్లో బేరం కుదరని చీరను వెనక్కి తీసుకున్నట్టు తీసుకున్నారు. లోపలికి రమ్మనలేదు. వర్షంలో బస్టాపు దాకా నడిచి వచ్చాను.

ఆ వచ్చిన శనివారం పిల్లలెవరూ రాలేదు. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆయన ఏదో పెట్టారని తర్వాత తెలిసింది, ఏం పెట్టారో నేను అడగలేదు. గంట అయ్యేదాకా గదిలో ఉండాలి కదా, పిల్లల కుర్చీల మధ్య మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. ఆ పైవారమూ అంతే. గదికి ఖర్చేం లేదు, ఒక్కరొచ్చినా నడుపుకోవచ్చని మార్గరెట్ అంది. నెలాఖరు దాకా ఎవరూ రాకపోతే మాత్రం ఆ వేళను ఇంకొకరికి ఇచ్చేస్తారు. నేను చేసింది సరైన పనే. సరైన పని చేసినందుకు మనసు కాస్తయినా తేలికపడుతుందనుకున్నాను. పడలేదే.

నీ అక్క,
రూప

*

హాలిఫాక్స్,
ఏప్రిల్ నెలాఖరు.

ఫెయితూ,

నిన్న ఆఖరి శనివారం. హార్బరు కనబడనంత పొగమంచు. ఎవరూ రారని తెలిసినా కుర్చీలు వేశాను. అరగంట గడిచాక తలుపు తెరుచుకుంది. రత్నకుమారి గారు, ఒక్కరే. బూట్లు తడిసిపోయి ఉన్నాయి.

"ఈ ఊరొచ్చాక ఒక్కదాన్నే బస్సెక్కడం ఇదే మొదలమ్మాయ్. ఆయన డ్రైవ్ చెయ్యనన్నారు. ఫెర్రీ దిగాక దారి తప్పా కూడా" అన్నారు. తర్వాత గది అంతా చూసి, "నాకు తీసుకురావడానికి పిల్లల్లేరు. నేనొక్కదాన్నే కూర్చోవచ్చా?" అని అడిగారు.

కూర్చోబెట్టాను. ఆవిడే చెప్పారు. "చీర తెచ్చిచ్చిన రోజు నీమీద పీకలదాకా కోపం నాకు. నాలుగు రోజులు అన్నం సహించలేదు. తర్వాత ఆలోచించా. మా ఇంటికొచ్చిన ప్రతి ఆడపిల్లకీ చీర పెట్టా. ఇల్లు కొనడం అయిపోయాక ఒక్కత్తీ మళ్లీ గడప తొక్కలేదు. పెట్టడం తక్కువైందేమోనని ఇంకాస్త మంచి చీరలు తెప్పించేదాన్ని. పిచ్చిదాన్ని."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. మంచులా ఉంది.

"ఆయనింకేం స్పాన్సరూ కాదు, నీకే రూలూ అడ్డు లేదు. నేనేం పెట్టనమ్మాయ్. ఏం పెట్టకపోయినా వస్తావా మా ఇంటికి?" అన్నారు.

ఎడ్మంటన్‌లో ఉన్న నీకు ఎలా చెప్పను? ఈ ఊరు వచ్చినప్పటి నుంచి బస్సులో, చర్చిలో, లైబ్రరీలో కనబడిన ప్రతి మనిషినీ నేను అడగాలనుకుని అడగలేకపోయిన మాట అది. ఆవిడ అడిగేశారు.

వస్తానన్నాను. ఏడుపు ఆగాక కథ మొదలుపెట్టాను.

నీ అక్క,
రూపవతి