బయటి రక్తం

11-6-1991
అన్న పోశం మూత్రం ఈరోజు మా కంపెనీ దవాఖాన ల్యాబులో మైక్రోస్కోప్ కింద నేనే చూశాను. ఎర్ర కణాలు అచ్చుపోసినట్టు గొట్టాల్లా ఉన్నాయి. అలాంటివి కిడ్నీ లోపలే తయారవుతాయి, బయట ఎవరూ చేయలేరు. వారం నుంచి దగ్గితే రక్తం కూడా పడుతోందట. ఇరవై ఏళ్లు బొగ్గు బాయిలో దిగిన మనిషి. ఉమ్మి ఎప్పుడూ నల్లగానే ఉంటుంది కాబట్టి ఎరుపు ఎవరి కంటా పడలేదు.

అదే రోజు, సాయంత్రం 4
డాక్టర్ శ్యాంసుందర్‌రావు స్లైడ్ చూడనే లేదు. మీ అన్న అన్‌ఫిట్ కోసం డ్రామా ఆడుతుండు, కోడి రక్తం కలిపిండు, గిసుంటోళ్లను శానామందిని చూసిన అన్నాడు. తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుక్కి ఉద్యోగం వస్తుంది. దానికోసం చిగుళ్లు గుచ్చుకుని ఉమ్మినవాళ్లు మా కాలనీలో ఉన్నారు, కాదనను. కానీ అన్నకు కొడుకులే లేరు. ఇద్దరూ ఆడపిల్లలు, పెద్దదానికి తొమ్మిదేళ్లు. చెప్పినా వినలేదు. రిజిస్టర్‌లో 'బయటి రక్తం' అని రాయమన్నాడు. నా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు.

14-6
అన్న సీరం రెండు ట్యూబుల్లో తీసి ఫ్రీజర్‌లో పెట్టాను. యాంటీబాడీ టెస్టుకు హైదరాబాద్ పంపుదామంటే, నువ్వు ఎండీ ఎప్పుడు చదివినవ్ ముత్యం అని డాక్టర్ నవ్వాడు. కాంపౌండర్లు కూడా నవ్వారు.

19-6
అన్నకు 'ఫిట్' రాశాడు.

20-6
అన్న సెకండ్ షిఫ్టుకు దిగాడు.

2-7
అన్న పోయాడు. ముఖం ఉబ్బి, మూత్రం బందై, నోటి నిండా రక్తం.
వదిన నాగవ్వ ఏడవలేదు. నువ్వు దవాఖానలనే ఉన్నవు గదా ముత్యం, అని ఒక్కసారే అడిగింది.
ఆ డాక్టర్‌ని వదలను. వాడి పరువు మట్టిలో కలిపేదాకా వదలను.

8-7
థర్మాస్ నిండా ఐసు వేసి, అందులో ట్యూబు పెట్టుకుని మంచిర్యాలలో ప్యాసింజర్ ఎక్కాను. కాజీపేట వచ్చేసరికి ఐసు కరిగింది. సోడా బండివాణ్ణి బతిమాలి మళ్లీ నింపుకున్నాను. హైదరాబాద్ ల్యాబువాళ్లు బొంబాయికి పంపుతామన్నారు. చచ్చిపోయిన మనిషికి రిపోర్టు ఎందుకని అడిగారు. కావాలన్నాను. ఒకడి మొహాన కొట్టడానికని చెప్పలేదు.

21-7
డాక్టర్ బాసరలో మనవడికి అక్షరాభ్యాసం చేయించాడట. ల్యాబుకు కూడా ప్రసాదం పంపాడు. సింకులో పడేసి నల్లా తిప్పాను.

3-8
రిపోర్టు వచ్చింది. యాంటీ జీబీఎం యాంటీబాడీ, స్ట్రాంగ్ పాజిటివ్. సొంత రక్తమే సొంత కిడ్నీలనూ ఊపిరితిత్తులనూ శత్రువులనుకుని కొరికే జబ్బు. డ్రామా కాదు, కోడి రక్తం కాదు. జూన్‌లోనే పట్టుకుని ఉంటే మందులున్నాయి, బతికేవాడేమో.
ఎంత సంతోషం వేసిందో రాసుకోవడానికి సిగ్గుగా ఉంది. పది జిరాక్సులు తీయించాను. ఒకటి యూనియన్ ఆఫీసు గోడకు నా చేత్తోనే అంటించాను.

12-8
యూనియన్ గొడవ చేస్తే కంపెనీ వేసిన ఎంక్వైరీ రేపే. డాక్టర్ ఈరోజు వరండాలో నన్ను చూసి పక్కకు తప్పుకున్నాడు. హాయిగా అనిపించింది. వదిన కూడా వస్తానంది. వాడు గజగజ వణకాలె, నేను కండ్లార సూడాలె అన్నది.

13-8, ఉదయం 11
వణకలేదు. ల్యాబు రాసింది నమ్మే ఫిట్ ఇచ్చిన, రిజిస్టర్ తెప్పియ్యుండ్రి అన్నాడు ఆఫీసర్లతో. మధ్యాహ్నం రెండింటికి తెమ్మన్నారు. బీరువా తాళం నా దగ్గరే ఉంది. జూన్ 11 పేజీ చింపేస్తే వాడొక్కడే మునుగుతాడు. చెదలు తిన్నాయంటే నమ్ముతారు. పేజీని రెండు సార్లు పట్టుకున్నాను.

మధ్యాహ్నం 1:40
ఈ డైరీలో జూన్ 11 దగ్గర ఒక వాక్యం వదిలేశాను. ఇప్పుడు రాస్తున్నాను. వాడు రాయమన్నాడు, నేను రాశాను.
రిజిస్టర్‌తో పాటు ఈ డైరీ కూడా ఇస్తాను. మునిగితే ఇద్దరం మునుగుతాం. వదిన బయట బెంచీ మీద ఉంది. ముందు ఆమెకు చదివి వినిపించాలి.