చెర్రీ బొమ్మల కథ

యీషున్, శుక్రవారం

ట్యాబ్‌లో ఆట ఆడుతూ పాప అడిగింది, జాక్‌పాట్ మెషీన్ మీద చెర్రీలెందుకని. ఆయన ఎంత ముచ్చటగా చెప్పారో! పాతకాలంలో జూదం నిషేధమని, గెలిచినవాళ్ళకి డబ్బుకు బదులు బబుల్‌గమ్ ఇచ్చేవారట. చక్రాల మీది చెర్రీ, నిమ్మ ఆ గమ్ రుచులేనట.

"డాడీ, ఈ దేశంలో అయితే గమ్మే బ్యాన్!" అని పాప పడీపడీ నవ్వింది. ఆయనా నవ్వారు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో.

"ఆ మెషీన్లు ఎక్కడ చూశావ్ డాడీ?"

"మ్యూజియంలో తల్లీ," అన్నారు, నా వైపు చూడకుండా.

"సండే నన్నూ తీసుకెళ్ళు, ప్లీజ్!"

"తీసుకెళ్తార్లే," అని నేనే అన్నాను.

ఆయన్ని కాసినోలోకి రానివ్వద్దని, భార్యగా ప్రభుత్వానికి పెట్టుకునేందుకు నింపి ఉంచుకున్న అప్లికేషన్, పాప నిద్రపోయాక పంపేశాను.

సండే దానికి ఏ మ్యూజియం చూపించాలి?