పన్నెండు రెట్లది వద్దు

దుర్గి,
ఆదివారం

శేషూ,

ఫోన్లో అయితే మీ బావ వింటాడని ఉత్తరం రాస్తున్నాను. పన్నెండు రెట్లు పెద్దగా చూపించే బైనాక్యులర్ కొంటానన్నావు, వద్దురా. ఆయన చేతి వణుకు కూడా అంత పెద్దదవుతుందట. ఏడు రెట్లది చాలు, ముందువైపు అద్దాలు మాత్రం వెడల్పుగా ఉండాలి. అప్పుడే మసక వెలుతురులో బాగా కనిపిస్తుందని మాచర్లలో కెమెరా షాపతను చెప్పాడు. కళ్ళ డాక్టరు దగ్గరికి పోదామంటే మీ బావ "నాకేందే, గద్ద చూపు" అంటాడు. బైనాక్యులరంటే మాత్రం చానా సరదా పడుతున్నాడు.

మొన్న మునిమాపు వేళ మంచె మీద నుంచి వడిసెల రాయి విసిరి, మొక్కజొన్న చేలో అడవిపందిని కొట్టానని ఊరంతా చెప్పుకుంటున్నాడు. ఆ వేళకు ఆయనకు అన్నం క్యారేజీ తీసుకుని చేలో నడిచి వస్తున్నది నేనే. భుజం వాపు తగ్గింది. గట్టు మీద జారిపడ్డానని చెప్పాను. నువ్వూ అదే అను.

మీ అక్క