మన కారు తియ్యకండి

బ్లెస్సీ డాడీకి,

ఇంటికి రాగానే మన కారు తియ్యకండి. ముందరి ఎడమ టైరు బయటివైపు కొత్తదానిలాగే ఉంది గానీ, లోపలి అంచు పూర్తిగా అరిగి తీగలు బయటపడ్డాయి. నిన్న తుడుస్తుంటే నా వేలు తెగింది. బండి ఎడమకు లాగుతోంది, చక్రాల అలైన్‌మెంట్ చేయించండని నెల నుంచి చెబుతున్నాను. "రోడ్డే గట్లుంది, బండికేం కాలే, జర ఊకో" అన్నారు. ఈరోజు బంద్, ఎల్బీనగర్‌లో ఒక్క టైర్ల షాపూ తెరవలేదు. తాళంచెవి నేనే తీసుకెళ్తున్నాను, కోప్పడకండి.

కింది ఇంటి క్రాంతి తన బండితో మీ కోసం ఆగి ఉన్నాడు. అతనే నడుపుతాడు, మీరు పక్కన కూర్చోండి.

ఇప్పుడు చెబుతున్నాను. అత్తమ్మ తెల్లవారుజామున ఊళ్లో కన్నుమూసింది. మీ ఫోన్ కలవలేదు. మీ సమ్మె టెంటుకు క్రాంతిని పంపితే, మీరు ర్యాలీతో దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్లారన్నారు. పాపను తీసుకుని మన చర్చి పౌలన్న బండిలో ముందు పోతున్నాను. అత్తమ్మకు స్నానం చేయించి చీర కట్టడానికి కోడలిని నేనుండాలి కదా. మీ తెల్లచొక్కా ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టాను.

అమల

సాయంత్రానికే సమాధి చేయాలని పాస్టరుగారు అంటున్నారట. ఎవరేమన్నా సరే, మీరు అమ్మ మొహం చూసేదాకా పెట్టె మూత వేయనివ్వను. మెల్లగా రండి.