అట్టపెట్టెలో తమ్ముడు

ప్రియమైన అక్కకి,

సమస్త బంధుమిత్ర వర్గానికీ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, నా ఎడమకాలి మేజోడుకు చిరకాలంగా ఉన్న చిల్లు, బొటనవేలు పూర్తిగా బయటికి వచ్చిన కారణంగా, ఇవాళ్టి నుంచి అధికారికంగా కిటికీగా గుర్తించబడినది. ఇకమీదట దాన్ని ఎవరూ చిల్లు అనరాదు. ఆక్షేపణలున్నవారు కుట్టుమిషనుతో సహా హాజరు కావలెను.

మిషను అంటే గుర్తొచ్చింది. దాని మీద నువ్వు గుడ్డ కప్పేశావని బావ చెప్పాడు. ఆ మాట విన్నప్పటినుంచి నాకు కూర్చున్నచోట కాలు నిలవడం లేదు. మోకాలు నొప్పని ఆ మిషను తొక్కడం మానేస్తే నువ్వు మా అక్కవెలా అవుతావు? ఆపరేషన్‌కి రోజు ఖాయమైందట, మంచిది. అందులో రోబో చెయ్యి కూడా ఉంటుందని హడలిపోతున్నావట. ఫోనులో నవ్వించి తప్పించుకుంటానని నాతో ఫోను మానేశావు కాబట్టి కాగితం మీద చెబుతున్నాను, విను. రోబోల సంగతి నాకు తెలుసు. వాటితోనే కదా నా కాపురం!

మా గోడౌనులో వాటిని ఎద్దులంటాం. ముందు రెండు ఇనుప కొమ్ములు. పెట్టెల కిందికి కొమ్ములు దూర్చి, ఎత్తి, తీసుకుపోతాయి. తోలేవాడు ఉండడు. నెత్తిమీద ఒక కన్ను గిర్రున తిరుగుతూ వెలుతురు విసురుతుంది. అది దేనికో తగిలి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చూసి, అడ్డం ఎంత దూరంలో ఉందో లెక్కేసుకుంటుంది. గోడౌను పటమంతా దాని కడుపులోనే. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో తనే లెక్కపెట్టుకుని, ఎక్కడున్నానో తెలుసుకుంటుంది. రెండో కన్ను కెమెరా. మనుషుల ఫొటోలు, పెట్టెల ఫొటోలు కుప్పలు కుప్పలుగా చూపించి దానికి నేర్పారట. మనిషంటే ఇలా ఉంటాడు అని ఎవరూ పాఠం చెప్పలేదు. నీ కుట్టు దుకాణంలో కొత్తగా పనిలో చేరినవాళ్ళకి నువ్వు గుడ్డముక్కలు ఒకదాని తర్వాత ఒకటి చేతికిచ్చి, ఏది నూలో ఏది కాదో వేళ్ళకే తెలిసేలా చేస్తావు చూడు, అలాగ.

పెట్టె కనిపిస్తే ఎత్తుతుంది. మనిషి కనిపిస్తే ఆగి, తప్పుకునేదాకా మర్యాదగా నిలబడుతుంది. ఈ మర్యాద మీదే నా కన్ను పడింది. వార్షికోత్సవానికి చేయించిన మా మేనేజరుగారి నిలువెత్తు అట్టబొమ్మ ఒకటి మూలన పడి ఉంటే, తీసుకొచ్చి దారి మలుపులో నిలబెట్టాను. మొదటి ఎద్దు వచ్చింది, బొమ్మని చూసింది, ఆగింది. దాని వెనక ఇంకొకటి, దాని వెనక మరొకటి. అట్ట తప్పుకోదు, ఎద్దులు కదలవు. గోడౌను మొత్తం స్తంభించింది. అసలు మేనేజరుగారు పరిగెత్తుకొచ్చి బొమ్మ పక్కన నిలబడి అరుస్తుంటే, ఇద్దరిలో అట్టాయనే కాస్త చురుగ్గా కనిపించాడు. నాకు చీవాట్లు పడ్డాయనుకో.

చూశావా, ఎంత అమాయకపు జీవులో! హాయిగా వెళ్ళి మోకాలు బాగుచేయించుకుని రా.

ఇట్లు,
కిటికీ మేజోడు గల నీ తమ్ముడు

*

ఒరేయ్ కోతీ,

నీ ఉత్తరం చదివి మీ బావ పొట్ట పట్టుకుని నవ్వారు. నేను నవ్వలేదు. ఆస్పత్రికి కబురు చేసి ఆపరేషన్ వద్దని చెప్పేశాను.

ధైర్యం చెబుతున్నానంటూ నువ్వు రాసిందేమిటి? అట్టముక్కకీ మనిషికీ తేడా తెలియదు వాటికి అని కదా! దాని పక్కన నన్ను మత్తిచ్చి పడుకోబెడతారట. బొమ్మని మనిషనుకున్నది, రేపు మనిషిని బొమ్మనుకోదని ఏమిటి నమ్మకం? నువ్వు నవ్వులాటకి రాశావు గానీ నాకు ఆ రోజు నుంచి అదే బుర్రలో తిరుగుతోంది. అన్నం ముందు కూర్చుంటే అదే, కత్తెర పట్టుకుంటే అదే.

నా మోకాలు ఇప్పుడు ఎలా ఉందో తెలుసా? దుకాణం మెట్లు పిరుదుల మీద కూర్చుని దిగుతున్నాను, చంటిపిల్లలా. నిన్న కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడ అది చూసి మొహం పక్కకి తిప్పుకుంది. ఆ తిప్పుకోవడం నాకు నొప్పికన్నా ఎక్కువ గుచ్చుకుంది. ఆపరేషన్ నాకు వద్దని కాదురా. ఆ ఇనుప చెయ్యే వద్దు. అది లేకుండా చేసే డాక్టరు ఈ చుట్టుపక్కల లేరట. మరింకేం చెయ్యను, మెట్లు ఇలాగే దిగుతాను.

నా ప్రశ్నకి నీ దగ్గర జవాబుంటే రాయి. జోకులుంటే వద్దు.

మీ అక్క

*

ప్రియమైన అక్కా, నా బంగారు అక్కా,

నీ ఉత్తరం అందినప్పటినుంచి గోడౌను ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతున్నాను. ఎద్దులే నన్ను చూసి ఆగిపోతున్నాయి. నా చేత్తో నేనే నీ ఆపరేషన్ చెడగొట్టానా? నా నోరు పడిపోనూ! మేనేజరు తిట్టినప్పుడు కూడా ఇంత చురుక్కుమనలేదు.

జోకులు లేకుండా రాస్తున్నాను. ఇది నాకెంత కష్టమో నీకు తెలుసు.

మొదటి సంగతి. అట్టని చూసి మనిషనుకున్నది తప్పే. కానీ అది ఏ వైపు తప్పిందో చూడు. ఆగే వైపు తప్పింది. మా మరమ్మతుల అమ్మాయి ఉంది, ఎద్దులకి జబ్బు చేస్తే వైద్యం చేసేది. నన్ను బాబాయ్ అంటుంది, చీవాట్లు మాత్రం అత్తగారిలా పెడుతుంది. ఆమే చెప్పింది, "అనుమానం వస్తే ఆగమనే నేర్పాం బాబాయ్" అని.

రెండో సంగతి. నీ ఆస్పత్రి రోబో మా ఎద్దులాంటిది కాదట. దానికి దానంతట అది తిరిగే పని లేదు. ముందు నీ మోకాలిని ఫొటోలు తీసి, లోపలి ఎముకకి పటం గీస్తారు. ఎక్కడిదాకా కోయాలో డాక్టరు ఆ పటం మీద హద్దు పెడతారు. ఆ ఇనుప చేతిని పట్టుకుని నడిపేది డాక్టరే. డాక్టరు చెయ్యి పొరపాటున హద్దు దాటబోతే ఇనుప చెయ్యి బిగుసుకుపోతుంది, ముందుకి కదలదు. నువ్వు గుడ్డ మీద సుద్దగీత గీసి కత్తిరిస్తావు. ఆ గీత దాటితే కత్తెరే మొరాయించిందనుకో, అదీ సంగతి.

మూడోది, నీ అసలు ప్రశ్న. మనిషిని బొమ్మనుకుంటే?

అక్కా, ఆ ప్రశ్న నన్నూ నిద్రపోనివ్వలేదు. అందుకని పరీక్ష చేశాను. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె ఖాళీది ఒకటి తీసుకున్నాను. అందులో దూరి, మూత వేసుకుని, ఎద్దు దారికి అడ్డంగా పడుకున్నాను. బయటికి నా జుట్టు కూడా కనిపించదు. అది వచ్చింది. చక్రాల చప్పుడు నేలలోంచి నా వెన్నులోకి వచ్చింది. కొమ్ములు దించింది. పెట్టె అనుకుంటే పొడిచి ఎత్తేయాలి కదా? నా ముక్కుకి జానెడు దూరంలో ఆగిపోయింది! ఎర్రదీపం వెలిగించి, కూత పెట్టి, మనుషుల్ని పిలిచింది. నేను చెక్కు చెదరకుండా లేచి వచ్చి నీకు ఉత్తరం రాస్తున్నాను.

ఇంకేం కావాలి? మళ్ళీ కబురు చెయ్యి. రోజు ఖాయం చేసుకో.

నీ మెట్ల కింద నిలబడాల్సినవాడు,
తమ్ముడు

*

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం ముందు కోపంతో చదివాను. రెండోసారి చదివితే కళ్ళు చెమర్చాయి. నా కోసం పెట్టెలో దూరి ఆ కొమ్ముల ముందు పడుకున్నావా? నీకేమన్నా అయ్యుంటే నేనేమైపోవాలి, వెధవా?

ఆస్పత్రికి మళ్ళీ కబురు చేశాను. వచ్చే బుధవారం పొద్దున్నే, గోడౌనులో మీరు పని మొదలుపెట్టే వేళకే, నన్ను లోపలికి తీసుకెళతారు.

ఒక్క మాట. చిన్నప్పుడు గొడుగు పట్టుకుని మేడ మీంచి దూకితే ఎగరొచ్చని నన్ను నమ్మించినవాడివి నువ్వు. అందుకని ఇది అడుగుతున్నాను. ఒకసారి పడుకున్నవాడివి రెండోసారి పడుకోలేవా? బుధవారం నన్ను ఆ బల్ల మీద పడుకోబెట్టే వేళకి నువ్వూ నీ పెట్టెలో పడుకో. ఇద్దరం ఒకేసారి. నాకు తోడు ఇంకెవరూ లోపలికి రారు కదరా.

నువ్వు సరేనంటేనే వెళతాను. లేదంటే మెట్లు ఉన్నాయి, నేనున్నాను.

మీ అక్క

*

ప్రియమైన అక్కకి,

బుధవారం ఎద్దులకి విశ్రాంతి ఉండొచ్చు. ఫ్రిజ్ పెట్టె వానకి నానిపోయింది. నాకు నడుం పట్టేసింది. పైగా బల్ల మీద పడుకున్నాక నువ్వు మత్తులో ఉంటావు, నేను పెట్టెలో పడుకున్నానో క్యాంటీన్లో కూర్చున్నానో నీకేం తెలుస్తుంది?

ఇదంతా రాశాక చింపేద్దామనుకున్నాను. వేరే కాగితం లేదు.

సరే. పడుకుంటాను. నువ్వు వెళ్ళు.

తమ్ముడు

*

ఒరేయ్,

బతికే ఉన్నాను. రాత వంకరగా ఉంటే మంచం మీద రాస్తున్నాననుకో. నాలుగు కాళ్ళ చట్రం ఒకటిచ్చారు, దాన్ని పట్టుకుని తలుపుదాకా వెళ్ళి వచ్చాను. నొప్పి ఉంది. కానీ పాత నొప్పి కాదు, ఇది తగ్గే రకం. లోపల నాకు బాగానే ఉంది. బయట బెంచీ మీద మీ బావే కళ్ళు తిరిగి పడ్డారట. నర్సులు ఆయనకి నీళ్ళు తాగించారు.

మత్తు ఇచ్చే ముందు డాక్టరుని అడిగేశాను, "ఇది నన్ను బొమ్మ అనుకుంటే?" అని. ఆవిడ నవ్వింది. "దీనికి మనుషులూ తెలియదు, బొమ్మలూ తెలియదమ్మా. మీ ఎముక పటం తెలుసు, నేను పెట్టిన హద్దు తెలుసు. చెయ్యి నాదే" అంది. నువ్వు రాసిన మాటే అది. కానీ అప్పుడు నాకు ధైర్యమిచ్చింది ఆ మాట కాదురా. మా తమ్ముడు ఇప్పుడు అట్టపెట్టెలో ముడుచుకుని ఉంటాడు అనుకుంటే నవ్వొచ్చింది. నవ్వుతూనే మత్తులోకి పోయానట.

పక్కమంచం పెద్దావిడది కూడా మోకాలే, ఇంకో నాలుగు రోజులకి ఆపరేషన్. నీ ఎద్దు కథ ఆవిడకీ చెప్పాను. "మీ తమ్ముడు నిజంగా పడుకున్నాడా?" అని ఇప్పటికి ఎన్నిసార్లు అడిగిందో. నిజం రాయి. ఈసారి నీ నోటికి తాళం వేసి, నిజం రాయి.

మీ అక్క

*

ప్రియమైన అక్కకి,

నువ్వు తలుపుదాకా నడిచావని చదివి ఇక్కడ నేను గేటుదాకా గంతులేశాను. బావకి నా తరఫున ఇంకో గ్లాసు నీళ్ళు.

బుధవారం సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. పొద్దున్నే వెళ్ళి మరమ్మతుల అమ్మాయి ముందు నిలబడి, పెట్టెలో దూరి ఎద్దు ముందు పడుకోవాలని చెప్పాను. ఆమె నా మొహంలోకి చూసింది.

"తాగొచ్చావా బాబాయ్?"

"లేదమ్మా, మా అక్క ఆపరేషన్."

"దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

చెప్పాను. మొత్తం. ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. "పెట్టెలో మనిషి ఉంటే అది ఏం చేస్తుందో నాకు తెలీదు. ఎవరూ పెట్టి చూడలేదు. తెలీనప్పుడు మనిషిని పెట్టి చూడం" అంది.

"మరెలా? మా అక్క ఈపాటికి బల్ల ఎక్కేసుంటుంది."

నా కాళ్ళు ఒకచోట నిలవడం లేదని చూసిందో ఏమో, లేచింది. ముందు నా కోటులో గోనెసంచులు కుక్కి, దాన్ని పెట్టెలో పడుకోబెట్టి, పెట్టెని దారిలో పెట్టింది. ఎద్దు దూరంలోనే ఆగిపోయింది. మళ్ళీ పంపింది. మళ్ళీ ఆగింది. ఆమె విసుగు లేకుండా పంపుతూనే ఉంది, అది ఆగుతూనే ఉంది. అప్పుడు ఎద్దుని ఆపే ఎర్ర మీట చేతిలో పట్టుకుని, "ఇక దూరు. మేనేజరు వస్తే నిన్ను పార్సిల్ అని చెబుతా" అంది.

దూరాను. అక్కా, పెట్టెలో చీకటి. అట్ట వాసన. నా గుండె చప్పుడే చక్రాల చప్పుడనుకుని ఒకసారి అరిచాను కూడా. తర్వాత అసలు చప్పుడు వచ్చింది. నేల సన్నగా వణికింది. నీ మోకాలి పక్కన ఇప్పుడే ఆ ఇనుప చెయ్యి కదులుతుంటుందని అనుకున్నాను. అక్క కదలదు, నేనూ కదలకూడదు అనుకున్నాను.

చప్పుడు ఆగింది. ఎంతకీ ఏమీ జరగలేదు. మూత ఎత్తి చూశాను. జానెడు దూరంలో కాదు, అంత దగ్గరికి రాలేదు. మంచమంత దూరంలో, కొమ్ములు దించకుండానే, బుద్ధిగా నిలబడి ఉంది. అప్పుడు కూత పెట్టింది, అమ్మాయి రెండో చేతిలోని తెర వెలిగింది. వెళ్ళి చూశాను. లోపల మనిషి ఉన్నాడని లేదు. పెట్టె అనీ లేదు, పెట్టెలుండే చోటు కాదు కదా అది. "దారిలో అడ్డం ఉంది. ఏమిటో తెలియదు. ఎవరైనా రండి" అని ఉంది.

నన్ను మనిషని గుర్తుపట్టి ఆగలేదది. తెలియలేదు, కాబట్టి ఆగింది. నాకు తెలియనిది ఏదైనా నువ్వు అడిగితే నేనెప్పుడైనా ఆగానా? ఏదో ఒకటి అల్లి చెప్పేసేవాణ్ణి, గొడుగుతో సహా. నన్ను చూసి ఆ అమ్మాయి, "ఏం బాబాయ్, ఏడుస్తున్నావా?" అంది. అట్ట దుమ్ము కళ్ళల్లో పడిందన్నాను. చూడు, అప్పుడు కూడా ఆగలేదు.

పక్కమంచం పెద్దావిడకి బుధవారం సంగతి చెప్పు. అది నిజం. ఎర్ర మీట పట్టుకున్న అమ్మాయిని అడిగినా చెబుతుంది. నీ డాక్టరు చెప్పిన మాట కూడా చెప్పు. ఆవిడకి పనికొచ్చేది అదే.

కానీ నా అంతకుముందు ఉత్తరంలో రాసింది మాత్రం ఆవిడకి చెప్పకు. ఫ్రిజ్ పెట్టె, ముక్కుకి జానెడు దూరం, చెక్కు చెదరకుండా లేవడం. అట్టబొమ్మ గొడవ తర్వాత ఎద్దు వస్తోందంటేనే నేను పసుపు గీత వెనక్కి పోయి గోడకి అతుక్కుపోయేవాణ్ణి. నీ ప్రశ్న చదివాక జవాబు తెలియలేదు, చెయ్యి మాత్రం ఆగలేదు. ఆ ఉత్తరం రాసిన రోజున నేను ఏ పెట్టెలోనూ పడుకోలేదక్కా. అది మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నేను అల్లిందే.

నీ పార్సిల్ తమ్ముడు